బోడిగుండుకూ మోకాలికీ ముడి ఉంది!

తలకి రాసుకున్న మందు తల మీదే ఆగిపోతుందనుకుంటాం. చాలామందికి ఆగిపోతుంది కూడా. ఆగని కొద్దిమంది సంగతే ఈ వారం ముఖచిత్ర కథనం.

రాజమండ్రిలో సాయంత్రం ఏడు దాటాక ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడి చూడండి. బీపీ వాళ్ళు, షుగరు వాళ్ళు, గ్యాసు వాళ్ళు చీటీలు చూపించి సంచులు పట్టుకుపోతుంటారు. వాళ్ళంతా కదిలేదాకా ఆగి, అటూ ఇటూ చూసి కౌంటరు మీదికి వంగే కుర్రాడు ఒకడుంటాడు. అతని దగ్గర చీటీ ఉండదు, ఫోనులో సీసా ఫొటో ఉంటుంది.

“ఐదు పర్సెంటాండీ, పదాండీ?” అంటాడు షాపాయన.

“పదైతే తొందరగా వస్తాదాండీ?”

“ఆయ్, ఎక్కువైతే ఎక్కువే కదండీ.”

బేరం కుదిరిపోతుంది. సీసా సంచిలోకి, సంచి బండి డిక్కీలోకి. ఏ వయసువాడివి, బీపీ ఉందా, గుండె జబ్బుందా, ఇంట్లో చంటిపిల్లలున్నారా అని అడిగేవాళ్ళుండరు. అడిగితే కుర్రాడే విస్తుపోతాడు. తలకి రాసుకునేదానికి ఈ ఆరాలన్నీ ఎందుకని.

రెండు నెలలు పోయాక ఆ కుర్రాడికి మెట్లెక్కితే గుండె దడదడలాడిందనుకోండి. లేదా అదే సీసా వాడుతున్న వాళ్ళ నాన్నగారికి సాయంత్రానికి చెప్పులు బిగుసుకున్నాయనుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్తారు. “ఏమేం మందులు వాడుతున్నారు?” అని అడిగితే “బీపీదొకటి, గ్యాసుదొకటండీ” అంటారు. తలకి రాసేది గుర్తుకే రాదు. గుర్తొచ్చినా, డాక్టరు నవ్వుతారేమోనని నోరు పెగలదు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే మనకి తలాతోకా లేని వాదన. ఈ ఒక్క మందు విషయంలో మాత్రం ఆ ముడి నిజంగానే ఉంది.

ముందు బీపీ మాత్ర

సీసాలో ఉన్నది మినాక్సిడిల్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కలమజూలో ఒకప్పుడు ఉన్న అప్‌జాన్ కంపెనీ దీన్ని జుట్టు కోసం తయారుచెయ్యలేదు. ఏ మందుకీ లొంగని మొండి రక్తపోటు కోసం తయారుచేసింది. 1979లో లోనిటెన్ పేరుతో మాత్రగా ఆమోదం పొందింది. అదీ గట్టి హెచ్చరికతో: గుండె చుట్టూ ఉండే పొరలో నీరు చేరవచ్చు, ఛాతీ నొప్పి ముదరవచ్చు, కాబట్టి ఒంట్లో నీరు లాగేసే మాత్రా, గుండె వేగం తగ్గించే మాత్రా జతచేసి ఇవ్వాలని. ఇప్పటికీ ఆ హెచ్చరిక నల్ల గీతల పెట్టెలో అచ్చవుతూనే ఉంది.

ఆ మాత్ర మింగినవాళ్ళకి నుదుటి మీదా చేతుల మీదా వీపు మీదా వెంట్రుకలు మొలవసాగాయి. కొలరాడో యూనివర్సిటీలో ఈ మందు మీద పరిశోధన చేస్తున్న చార్లెస్ చిడ్సీ దగ్గర 1971లో ఈ వింత బయటపడింది. అక్కడి చర్మవైద్యుడు గుంటర్ కాన్, ఆయన శిష్యుడు పాల్ గ్రాంట్ దాన్ని ద్రవంగా కలిపి చర్మం మీద రాసి చూశారు. రాసినచోట జుట్టొచ్చింది. ఆ తరువాత ఆ ఆలోచన ఎవరిదన్న దాని మీద కంపెనీకీ కాన్‌కీ ఏళ్ళ తరబడి పేటెంటు తగవు నడిచింది, అది వేరే పుస్తకానికి సరిపడా కథ. 1988లో రొగేన్ పేరుతో పూతమందుగా ఆమోదం వచ్చింది. 1996లో చీటీ లేకుండా అమ్ముకోవచ్చన్నారు.

బీపీ రోగి భరించలేనిది బట్టతలవాడికి వరమైంది. సరే. కానీ బట్టతలవాడికి ఇప్పుడు ఎప్పుడో ఒకసారి దుష్ప్రభావంగా కనిపించేది, ఆ మందుని అసలు దేనికి కనిపెట్టారో ఆ పనే. రక్తనాళాల గోడల్లో ఉండే కండరాన్ని మినాక్సిడిల్ వదులు చేస్తుంది. నాళాలు వెడల్పవుతాయి, రక్తపోటు దిగుతుంది. ఒళ్ళు ఊరుకోదు. పోటు పడిపోతోందని గుండెని పరుగెత్తిస్తుంది, అదే దడ. మూత్రపిండాలు ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి, అదే వాపు. లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, తలనొప్పి, నాలుగు రోజుల్లో రెండు కిలోల బరువు, తెల్లారేసరికి ఉబ్బిన కళ్ళు, వేలికి బిగుసుకున్న ఉంగరం అన్నీ ఈ రెండింటి పిల్లలే.

చుక్కల లెక్క

తలకి రాసినదంతా ఒంట్లోకి వెళ్ళదు. ఆరోగ్యమైన నెత్తి చర్మం నుంచి సగటున 1.4 శాతమే రక్తంలోకి చేరుతుంది. మనిషిని బట్టి అది 0.3 శాతం కావచ్చు, 4.5 శాతం కావచ్చు. ఇప్పుడు లెక్క వెయ్యండి. 5 శాతం ద్రవంలో ఒక్క మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాముల మందుంటుంది. సీసాతో వచ్చే కాగితం మీద రాసినట్టు పొద్దునొక మిల్లీలీటరు, రాత్రొక మిల్లీలీటరు రాస్తే రోజుకి 100. అందులో 1.4 శాతమంటే 1.4 మిల్లీగ్రాములు. బీపీకి పెద్దవాళ్ళకి మొదలుపెట్టే మాత్ర 5 మిల్లీగ్రాములు. అంటే సగటు మనిషికి భయం లేదు. పీల్చుకునే చర్మం ఉన్నవాడికి, ఆ 4.5 శాతం వాడికి, రోజూ బీపీ మాత్ర మింగినట్టే.

షాపులో విన్న ఆ పది శాతం సీసాని తీసుకుందాం. కుర్రాళ్ళు డ్రాపరుతో కొలవరు, అరచేతిలో వంపుకుంటారు. పూటకి రెండు మిల్లీలీటర్లు పడిందంటే రోజుకి 400 మిల్లీగ్రాములు. చర్మం అంత సూటిగా లెక్కప్రకారం పీల్చుకోదు గానీ, సగటు శాతమే పట్టుకున్నా 5 దాటింది. ఎక్కువైతే ఎక్కువే అన్న షాపాయన మాట ఆ రకంగా నిజమే.

పొరపాటున ఎవరైనా తాగితే ఇంకో లెక్క. 60 మిల్లీలీటర్ల 5 శాతం సీసాలో 3 గ్రాముల మినాక్సిడిల్ ఉంటుంది. ఒక్క టీస్పూనులో 250 మిల్లీగ్రాములు. బీపీకి పెద్దవాళ్ళకి రోజుకి ఇవ్వదగ్గ గరిష్ఠ మోతాదే 100. దగ్గుమందు సీసా పక్కన అలమరలో దీన్ని పెట్టే ఇళ్ళవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

కాళ్ళ వాపంటే బోదకాలేనా?

మన డెల్టాలో కాలు వాచిందంటే ముందు తగిలే భయం బోదకాలు. తూర్పు, పశ్చిమ గోదావరి రెండూ తరతరాలుగా ఫైలేరియా సీమలే. రాత్రిపూట వచ్చి వేలి నుంచి రక్తం తీసుకుపోయిన ఆరోగ్య సిబ్బందీ, ఊరందరికీ పంచిన డీఈసీ మాత్రలూ పెద్దవాళ్ళకి గుర్తే. దానికి తోడు ఇప్పుడు ఇంటికొకరు బీపీ మాత్ర మింగుతున్నారు. వాటిలో ఆమ్లోడిపిన్ అనేది దానంతటదే పాదాలు వాపించగలదు. కాబట్టి భీమవరం దగ్గర చేపల చెరువులు చూసుకునే నలభై ఐదేళ్ళ ఆసామికి కాళ్ళు పొంగితే, దోషులుగా నిలబెట్టడానికి ఇద్దరు ముందే సిద్ధంగా ఉంటారు. మూడోవాడు బాత్రూములో అద్దం వెనక కూర్చుని ఉంటాడు. అతని పేరు ఎవరూ చెప్పరు.

ఇంట్లోనే చూసుకోదగ్గ గుర్తులు కొన్నున్నాయి. బోదకాలు సాధారణంగా ఒక కాలికే ఎక్కువగా వస్తుంది, జ్వరాలూ గజ్జల్లో బిళ్ళలూ తెస్తుంది. మందువల్ల చేరే నీరు రెండు కాళ్ళకీ సమంగా దిగుతుంది. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీస్తే గుంట పడి, మెల్లగా పూడుతుంది. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. గుండె, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నా వాపు ఇలాగే ఉంటుంది కనక గుంట పడింది, ఇది లోషనే అని తీర్పు చెప్పుకోకూడదు. వాపు ఏ నెలలో మొదలైంది, సీసా ఏ నెలలో కొన్నారు అనే రెండు తేదీలు పక్కపక్కన పెట్టి డాక్టరుకి చూపిస్తే మాత్రం ఆయన పని సగం అయినట్టే.

నూనె చేత్తో మందు

గోదావరి జిల్లాల్లో తలకి ఏదైనా రాయడమంటే ఒక పద్ధతి ఉంది. కోనసీమ కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి, మాడు మీద దోసిలి నిండా పోసి, చెవుల వెనకదాకా కారేట్టు మర్దనా చేసి, రాత్రంతా వదిలేసి తెల్లారి తలంటు పోస్తారు. గుంటగలగరాకు నూనె అయినా అంతే. ఎంత ఎక్కువ పడితే అంత మంచిది, ఎంతసేపు నానితే అంత పట్టు. ఈ చెయ్యితిరిగిన విద్యనే మినాక్సిడిల్ సీసా మీదా ప్రయోగిస్తున్నాం. అసలు పేచీ ఇదేనని నాకనిపిస్తుంది. మందు ఎంత చెడ్డదన్నది కాదు, దాన్ని ఏ చేత్తో రాస్తున్నామన్నది.

నూనెకి చేసే ప్రతి మంచిపనీ ఇక్కడ ఎదురు తిరుగుతుంది. చుండ్రుకి గోకి పుండు పడిన నెత్తి మీద రాస్తే మందు నేరుగా లోపలికి పోతుంది. ఆన్‌లైన్లో దొరికే సూదుల రోలరు దొర్లించి ఆ వెంటనే రాసేవాళ్ళూ అంతే, ఆ రోలరు పనే చర్మానికి కన్నాలు పెట్టడం. రాసి తడారకుండా హెల్మెట్ పెట్టుకుంటే తల కప్పేసినట్టయి మందు ఇంకా ఎక్కువ దిగుతుంది. రోహిణి కార్తె ఉక్కలో చెమటతో కలిసి నుదుటి మీదికి జారితే అక్కడా వెంట్రుకలు లేస్తాయి. రాసి పడుకుంటే దిండుకి అంటి, దిండు నుంచి చెంపకి అంటుతుంది. రాసిన చేతులు కడుక్కోకుండా ముఖం తుడుచుకునేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. గడ్డం రావాలని బుగ్గలకి రాసే ఇంటర్ కుర్రాళ్ళ బ్యాచి ఇంకొకటి ఉంది. ముఖచర్మం పల్చన, మందు ఇట్టే దిగుతుంది, పైగా గడ్డానికని దీన్ని ఎవరూ ఆమోదించలేదు.

ఆడవాళ్ళ విషయం వేరుగా చెప్పాలి. అమెరికా నుంచి వచ్చే అల్లుళ్ళూ కొడుకులూ సూట్‌కేసులో పట్టుకొచ్చే కిర్‌క్లాండ్ పెట్టెలో ఆరు నెలలకి సరిపడా సీసాలుంటాయి. ఆ 5 శాతం ద్రవం పెట్టె మీద మగవాళ్ళకే అని స్పష్టంగా రాసి ఉంటుంది. అది చదవకుండా ప్రసవం తరువాత జుట్టు రాలుతోందని చెల్లెలికో, థైరాయిడ్ ఉన్న వదినగారికో ఒక సీసా ఇచ్చేస్తారు. ఆడవాళ్ళకి నుదుటి మీదా చెవుల ముందూ నూగు రావడం ఈ మందుతో అంత అరుదేమీ కాదు. మానేస్తే కొన్ని నెలల్లో పోతుంది. పాలిచ్చే తల్లి, గర్భిణి దీని జోలికి పోకూడదు.

నాన్న తల, బిడ్డ వీపు

స్పెయిన్‌లో నవార్రా ప్రాంతపు ఔషధ నిఘా కేంద్రానికి 2023లో ఒక చంటిబిడ్డ కేసు వచ్చింది. వీపు మీదా కాళ్ళ మీదా దట్టంగా వెంట్రుకలు.  బిడ్డని ఇంట్లో చూసుకుంటున్న తండ్రి తలకి 5 శాతం మినాక్సిడిల్ రాసుకుంటున్నాడు. ఎత్తుకున్నప్పుడు, పక్కలో పడుకోబెట్టుకున్నప్పుడు బిడ్డ ఒంటికీ నోటికీ మందు అంటుతోంది. వెతికితే యూరప్ నివేదికల్లో ఇలాంటివి ఇంకో పది కనిపించాయి. తండ్రులు మానేశాక పిల్లల వెంట్రుకలు రాలిపోయాయి. పిల్లల్ని దూరంగా ఉంచమనే హెచ్చరిక కాగితంలో చేర్చాలని ఆ తరువాత యూరప్ ఔషధ సంస్థ చెప్పింది.

స్పెయిన్‌లోనే 2019లో ఇంతకన్నా పెద్ద గొడవే జరిగింది. కడుపులో మంటకిచ్చే ఒమెప్రజోల్ పొడి ఉండాల్సిన డబ్బాల్లో మినాక్సిడిల్ చేరింది. ఫార్మసీలు దానితోనే పసిపిల్లలకి సిరప్ కలిపి ఇచ్చాయి. పదిహేను మందికి పైగా పిల్లలకి ఒళ్ళంతా వెంట్రుకలొచ్చాయి.

మన ఇళ్ళలో ఏసీ గదిలో ఒకే మంచం మీద నలుగురూ పడుకుంటారు. నాన్న గుండెల మీద, నాన్న దిండు మీద పిల్ల. రాత్రి పది గంటలకి రాసి పది నిమిషాలకే వాలిపోయే తండ్రి ఆ రెండో పూతని సాయంత్రం ఆరుకి జరిపితే చాలు, ఆరడానికి కావలసిన రెండు నుంచి నాలుగు గంటలు దొరుకుతాయి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, దిండు గలీబు ఎవరిది వాళ్ళకే ఉండాలి.

పిల్లి ఉన్న ఇంట్లో ఈ సీసా ఉండకపోతేనే మంచిది. నేలమీద ఒలికినది నాకినా, యజమాని తల నాకినా పిల్లి ప్రాణం మీదికొస్తుంది. మనుషుల్లా ఆ మందుని అరిగించుకునే శక్తి దానికి లేదు.

సీసా పేరు చివర ‘ఎఫ్’

కొన్ని సీసాల పేరు చివర ‘ఎఫ్’ అని ఉంటుంది. చాలాసార్లు అది ఫినాస్టరైడ్. మినాక్సిడిల్‌తో కలిపిన ఈ రెండో మందు దారి వేరు. మగ హార్మోనుని డీహెచ్‌టీగా మార్చే ఎంజైముని ఇది ఆపుతుంది. 1992లో ప్రోస్టేట్ వాపుకి 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో బట్టతలకి 1 మిల్లీగ్రాము మాత్రగా వచ్చింది. మాత్రవల్ల కొందరికి కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్యలు, దిగులు వస్తున్నాయని, తలకి రాస్తే ఆ బెడద ఉండదని పూతమందుని ముందుకు తెచ్చారు.

బెడద తగ్గిన మాట నిజం, పూర్తిగా పోయిందన్నది నిజం కాదు. ఫినాస్టరైడ్ స్ప్రే మీద 2022లో అచ్చయిన పెద్ద పరీక్షలో మాత్ర మింగినవాళ్ళ రక్తంలో డీహెచ్‌టీ 55.6 శాతం తగ్గితే, నెత్తి మీద కొట్టుకున్నవాళ్ళకి 34.5 శాతం తగ్గింది. తల మీదే ఆగిపోయే మందైతే రక్తంలో ఏ తేడా ఉండకూడదు కదా. అమెరికాలో పూతమందు ఫినాస్టరైడ్‌కి అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదమే లేదు. ఫార్మసీలు సొంతంగా కలిపి అమ్ముతున్నవాటి మీద 2019, 2024 మధ్య 32 ఫిర్యాదులు వచ్చాయని 2025 ఏప్రిల్‌లో ఆ సంస్థ హెచ్చరించింది. అంగస్తంభన లోపం, ఆందోళన, నిద్రలేమి, బుర్ర మొద్దుబారడం, ఆత్మహత్య ఆలోచనలు ఆ జాబితాలో ఉన్నాయి. మానేశాక కూడా తగ్గలేదన్నవాళ్ళున్నారు. పైపూతే కదా ఏమీ కాదనుకున్నామని కొందరన్నారట. మన షాపు ముందు కుర్రాడి మాటే. యూరప్ సంస్థ 2025 మేలో ఆత్మహత్య ఆలోచనలని మాత్రల దుష్ప్రభావంగా ఖరారు చేసింది. స్ప్రేతో ఆ లంకె ఉందనడానికి ఆధారం కనిపించలేదంది.

గర్భిణులు ఈ ‘ఎఫ్’ సీసాని ముట్టుకోవడమే మంచిది కాదు. కడుపులో మగశిశువు జననావయవాలు ఏర్పడడానికి డీహెచ్‌టీ కావాలి. భర్త తలకి మందు రాసిపెట్టే ఇల్లాలికి ఈ సంగతి ఎవరు చెప్తున్నారు?

భయమూ కొలిచే వెయ్యాలి

ఇదంతా చదివి సీసా కాలవలో పారేయనక్కర్లేదు. కోట్లమంది దశాబ్దాలుగా వాడుతున్న మందిది. నెత్తి దురద, ఎర్రబడడం, పొలుసులు లాంటివే ఎక్కువ, వాటిలో చాలావాటికి మినాక్సిడిల్ కాదు, అందులో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ కారణం. మొదటి నెలల్లో జుట్టు ఇంకా రాలడం మందు పనిచేస్తున్న గుర్తే. దీన్నే తక్కువ మోతాదు మాత్రగా మింగిన 1404 మంది వివరాలు 2021లో అచ్చయ్యాయి. ఒంటి మీద వెంట్రుకలు 15.1 శాతం మందికి, తల తిరగడం 1.7, నీరు చేరడం 1.3, గుండె దడ 0.9 శాతానికి. మింగినవాళ్ళకే ఇంత, రాసుకునేవాళ్ళకి ఇంకా తక్కువే ఉండాలి.

వినడంవల్ల వచ్చే జబ్బు కూడా ఉంది. ఇటలీలో 2007లో ఫినాస్టరైడ్ ఇస్తూ సగంమందికి లైంగిక సమస్యలు రావచ్చని చెప్పారు, సగంమందికి చెప్పలేదు. చెప్పినవాళ్ళలో 43.6 శాతం, చెప్పనివాళ్ళలో 15.3 శాతం అలాంటి సమస్యలు వచ్చాయన్నారు. అలాగని రోగికి చెప్పకుండా ఉందామా? ఆ వాదన నాకు మింగుడుపడదు. చెప్పే తీరులో తేడా ఉండాలి గానీ.

దీనికన్నా నాకు భయం కలిగించేది పేరులేని సీసా. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్ భగాయత్‌లో ఎవరో ఢిల్లీ నుంచి వచ్చి బట్టతల మీద జుట్టు మొలిపిస్తారంటే వందలమంది ఎండలో వరస కట్టారు. గుండు గీయించుకుని, పేరు తెలీని ద్రవం పూయించుకున్నారు. బట్టతల నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని మన ఔషధ నియమావళిలోని షెడ్యూల్ జె ఎన్నడో చెప్పింది, ఎయిడ్స్, క్యాన్సర్లతో పాటు బట్టతలని కూడా అదే పట్టీలో చేర్చి. మినాక్సిడిల్ కూడా నయం చెయ్యదు. రాసినన్నాళ్ళు ఉంచుతుంది, మానేసిన మూడు నాలుగు నెలల్లో తెచ్చినదంతా తీసుకుపోతుంది.

గుండె జబ్బున్నవాళ్ళు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళు మొదలుపెట్టే ముందే డాక్టరుతో మాట్లాడాలి. వాడుతూండగా ఛాతీలో నొప్పి, దడ, కళ్ళు తిరిగి పడబోవడం, చేతులూ కాళ్ళూ వాయడం, కారణం లేకుండా బరువు పెరగడం కనిపిస్తే ఆ పూటే ఆపెయ్యాలి. ఛాతీ నొప్పో ఆయాసమో అయితే లోషను వల్లేలే అనుకోకుండా నేరుగా ఆసుపత్రికి. ఆపాక మందు రక్తంలోంచి త్వరగానే పోతుంది కాబట్టి దాని పని అయితే కొద్ది రోజుల్లో తేడా తెలుస్తుంది. తెలియకపోతే కారణం వేరే వెతకాలి, గుండె స్కానింగు, మూత్రపిండాల పరీక్ష చేయించాలి.

ఇలాంటివి అరుదని మనం ధీమాగా అనగలుగుతున్నది ఎవరో ఒకరు నమోదు చేశారు కాబట్టే. మన దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. డాక్టరే కాదు, మందు వాడినవాళ్ళు కూడా 1800-180-3024కి ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. ఫోన్ చేసేటప్పుడు సీసా చేతిలో పెట్టుకోండి, బ్యాచి నంబరు చెప్పాల్సి ఉంటుంది. అట్టపెట్టె పారేసినా అది సీసా లేబులు మీద, గడువు తేదీ దగ్గర ఉంటుంది.